బెడ్ టేబుల్‌కు ఏ ముద్ర వేయాలి? ఒక ఆసుపత్రి డేటాబేస్ మోడల్‌లో సొంత స్టీరియోటైప్‌ల కథ

టెస్ట్ సర్వర్ మీద టేబుళ్లు సృష్టించే స్క్రిప్ట్ నడుస్తూ నడుస్తూ ఒక ఫారిన్ కీ (ఒక టేబుల్ నుంచి మరో టేబుల్‌కు ఉండే లంకె) దగ్గర ఆగిపోయింది. "బెడ్" అనే రిలేషన్ (అంటే టేబుల్) లేదంటోంది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. డయాగ్రామ్ తెరిస్తే బెడ్ టేబుల్ నిక్షేపంలా ఉంది. కాలమ్‌లున్నాయి, ప్రతి వరుసనూ గుర్తించే ప్రైమరీ కీ ఉంది, ముందురోజు మేం దానికి పెట్టిన «మాస్టర్» అనే ముద్ర (స్టీరియోటైప్) కూడా పేరు పైన కనిపిస్తోంది.

"అన్నా, జనరేట్ అయిన ఫైల్‌లో అసలు బెడ్‌కి క్రియేట్ టేబులే లేదు," అన్నాడు మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు.

కూర్చుని లెక్కపెట్టాం. మొత్తం 31 టేబుళ్లు లేవు. ఆ 31 కూడా ముందురోజు మేం ముద్రలు మార్చినవే. తప్పు మాదేనని అప్పుడే అర్థమైంది. అది ఎలా జరిగిందో, దాన్ని దిద్దుకునే క్రమంలో మోడల్ గురించి ఏం తెలుసుకున్నామో వివరంగా రాస్తున్నాను. ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్ట్ అనే మోడలింగ్ టూల్‌లో డేటాబేస్ మోడల్ చేసేవాళ్లకు ఇందులో నేరుగా పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. వేరే టూల్ వాడేవాళ్లకు కూడా అసలు ప్రశ్న ఒకటే.

పని ఏమిటి

ఒక ప్రైవేటు ఆసుపత్రి తన పాత సాఫ్ట్‌వేర్‌ను మార్చుకుంటోంది. రిజిస్ట్రేషన్, ఓపీ, అడ్మిషన్లు, ల్యాబ్, ఫార్మసీ, బిల్లింగ్, ఆరోగ్యశ్రీ క్లెయిమ్‌లు అన్నీ కలిపి 212 టేబుళ్లు. పాత డేటాబేస్ నుంచి ఓడీబీసీ (డేటాబేస్‌కు కలిపే ప్రామాణిక అనుసంధానం) ద్వారా వాటిని మోడల్‌లోకి తెచ్చుకున్నాం. కొత్త నిర్మాణాన్ని మోడల్‌లోనే దిద్ది, అక్కడి నుంచే డీడీఎల్ (టేబుళ్లను సృష్టించే ఆదేశాల ఫైల్) తీయాలన్నది ఒప్పందం.

దిగుమతి అయ్యాక 212 టేబుళ్లూ ఒకే రకంగా కనిపిస్తాయి. అన్నిటి మీదా «టేబుల్» అనే ముద్ర, అన్నిటికీ ఒకే రంగు. కానీ వాటితో పని చేసేవాళ్లకు అవి ఒకటి కావు. ఏ టేబుల్‌లో వరుస మారినా పాత విలువను దాచే ట్రిగ్గర్ (మార్పు జరగగానే దానంతటదే నడిచే కోడ్) రాయాలో మా డీబీఏకు, అంటే డేటాబేస్ నిర్వాహకురాలికి, తెలియాలి. ఏ టేబుళ్లు డేటాతో సహా సర్వర్ మీదికి వెళ్లాలో టెస్టింగ్ వాళ్లకు తెలియాలి: ఐసీడీ-10 అనే వ్యాధుల కోడ్‌లు, ఆరోగ్యశ్రీ ప్యాకేజీలు, గదుల అద్దెల పట్టిక లాంటివి ఖాళీగా ఉంటే ఒక్క బిల్లు కూడా పడదు. ఏ పేషెంట్ వివరాలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఆసుపత్రి యాజమాన్యానికి తెలియాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల రూపాయల దాకా ఉంది కాబట్టి ఆ ప్రశ్న ప్రతి సమావేశంలోనూ వచ్చేది.

ఇవన్నీ అప్పటిదాకా ఒక ఎక్సెల్ షీట్‌లో ఉండేవి. మోడల్ ఒకచోట, షీట్ ఒకచోట ఉంటే మూడు వారాల్లో రెండూ దారితప్పుతాయి. అందుకే ఈ సమాచారమంతా మోడల్‌లోకే రావాలని, దానికి సొంత స్టీరియోటైప్‌లు కావాలని పట్టుబట్టింది నేనే.

ముద్ర అంటే ఏమిటి, అది ఎక్కడ ఉంటుంది

సాఫ్ట్‌వేర్‌ను బొమ్మల్లో గీసే ప్రామాణిక భాష యూఎంఎల్‌లో టేబుల్ అనే వస్తువు లేదు. క్లాస్ ఉంది. దాని మీద «టేబుల్» అనే స్టీరియోటైప్ వేస్తే, ఈ క్లాస్‌ను ఇకనుంచి టేబుల్‌గా చూడండని చెప్పినట్టు. 1997లో ఓఎంజీ అనే ప్రమాణాల సంస్థ యూఎంఎల్‌ను ప్రమాణంగా స్వీకరించింది కానీ, డేటాబేస్‌ల కోసం అధికారిక ప్రొఫైల్ (స్టీరియోటైప్‌ల సమితి) ఒకటి ఇంతవరకూ దాని నుంచి స్థిరపడి రాలేదు. అందుకే ప్రతి టూల్ తన సొంత ప్రొఫైల్ పెట్టుకుంది. ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్ట్‌లో టేబుల్ అంటే «టేబుల్» ముద్ర ఉన్న క్లాస్, కాలమ్ అంటే «కాలమ్» ముద్ర ఉన్న అట్రిబ్యూట్. ప్రైమరీ కీ, ఇండెక్స్, ట్రిగ్గర్‌లు మాత్రం ఆపరేషన్లుగా ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు ఇది వింతగా అనిపించింది. ప్రైమరీ కీ ఒక మెథడ్ ఎలా అవుతుంది? తర్వాత ఆలోచిస్తే, క్లాస్‌కు ఉన్న అరలు రెండే, అట్రిబ్యూట్లు, ఆపరేషన్లు. కాలమ్‌లు మొదటి అర తీసుకున్నాయి, మిగిలినవి రెండో అరలో సర్దుకున్నాయి.

యూఎంఎల్ 1.3 దాకా ఒక వస్తువుకు ఒకే స్టీరియోటైప్ ఉండేది. 1.4తో ఎన్నయినా పెట్టుకోవచ్చన్నారు. యూఎంఎల్ 2లో ముద్ర అనేది క్లాస్‌కు తగిలించిన విడి వస్తువు. ఎక్స్‌ఎంఐ ఫైల్ (మోడల్‌ను టూల్ బయటికి రాసే రూపం) తెరిస్తే, మోడల్ బయట ఎక్కడో విడిగా ఉండి, "బేస్_క్లాస్" అనే తీగతో అసలు క్లాస్‌ను పట్టుకుని కనిపిస్తుంది. ఈ ఒక్క సంగతి మనసులో ఉంటే మేం చేసిన తప్పు చేసేవాళ్లం కాదు. కొత్త ముద్రను పాతదాని పక్కన వేయాలి, దాని స్థానంలో కాదు.

మేం చేసింది దాని స్థానంలో వేయడమే. సొంత ప్రొఫైల్ తయారుచేసి, దాన్ని ఎండీజీ టెక్నాలజీగా (టూల్‌కు చేర్చుకునే పొడిగింపుగా) అందరికీ ఇచ్చి, టేబుల్ ప్రాపర్టీల్లో స్టీరియోటైప్ అన్నచోట «టేబుల్» తీసేసి «మాస్టర్» అని పెట్టాం. డయాగ్రామ్‌లో చూపుకు బాగుంది. కానీ టూల్ దృష్టిలో ఆ 31 కూడా మళ్లీ మామూలు క్లాసులైపోయాయి. డీడీఎల్ తీసేటప్పుడు వాటిని టేబుళ్లుగా చూడమని దానికి చెప్పేదేదీ మేం మిగల్చలేదు.

మరమ్మతుకు రెండు దారులు కనిపించాయి. ఒకటి, మా «మాస్టర్» స్టీరియోటైప్‌ను టూల్ సొంత «టేబుల్» స్టీరియోటైప్‌కు పిల్లగా చేయడం: ప్రొఫైల్‌లో తల్లి పేరును దాని ప్రొఫైల్ పేరుతో సహా పూర్తిగా రాసి, మన స్టీరియోటైప్ నుంచి దానికి జనరలైజేషన్ గీత (ఇది దానిలో ఒక రకమని చెప్పేది) గీస్తారు. సిద్ధాంతపరంగా ఇదే చక్కనిది, ఎందుకంటే మాస్టర్ టేబుల్ కూడా ఒక రకం టేబులే కదా. రెండోది, «టేబుల్»ను మొదటి ముద్రగా అలాగే ఉంచి, మాది రెండో ముద్రగా చేర్చడం.

మేం రెండోదే ఎంచుకున్నాం. మా డీబీఏ ఏళ్ల తరబడి రాసుకున్న స్క్రిప్టులు, సెర్చ్‌లు అన్నీ "టేబుల్" అనే అక్షరాల కోసమే వెతుకుతాయి. పిల్ల స్టీరియోటైప్ పెడితే వాటన్నిటినీ తిరగరాయాలి. పైగా రేపు ఈ మోడల్‌ను మా ప్రొఫైల్ లేని మరొకరు తెరిచినా, «టేబుల్» ముద్ర ఉన్నంతకాలం అది టేబుల్‌గానే కనిపిస్తుంది. కొత్త ప్రాజెక్టు, పాత స్క్రిప్టుల బరువు లేని టీమ్ అయితే మొదటి దారిని ముందుగా పది టేబుళ్ల మీద ప్రయత్నించి, డీడీఎల్ దాకా తీసి చూడమంటాను. ఎటు వెళ్లినా ఆ పది టేబుళ్ల పరీక్ష మాత్రం మానొద్దు. మేం మానేసి ఒకేసారి 31 మార్చాం.

ఇందులో ఒక చిక్కు ఉంది, చెప్పి తీరాలి. టూల్ మోడల్‌ను దాచుకునే రిపాజిటరీలో టి_ఆబ్జెక్ట్ అనే పట్టికలో స్టీరియోటైప్ కాలమ్ ఉంటుంది. అందులో ఒక్క పేరే ఉంటుంది. రెండో ముద్ర వివరం టి_ఎక్స్‌రెఫ్ అనే మరో పట్టికలో ఉంటుంది. «హిస్టరీ» ముద్ర ఉన్న టేబుళ్లెన్ని అని టి_ఆబ్జెక్ట్‌ను మాత్రమే అడిగితే జవాబు సున్నా వచ్చింది, ఒక పూట అక్కడే పోయింది. స్క్రిప్టులో అయితే స్టీరియోటైప్‌ఎక్స్ అనే ప్రాపర్టీ అన్ని పేర్లనూ కామాలతో ఇస్తుంది. హ్యాజ్‌స్టీరియోటైప్ అనే పిలుపు పూర్తి పేరుతో సూటిగా అడగనిస్తుంది. అప్పటినుంచి మేం ఆ రెండింటినే వాడుతున్నాం.

పద్నాలుగు నుంచి నాలుగుకు

మొదటి ప్రొఫైల్‌లో 14 స్టీరియోటైప్‌లు పెట్టాను. మాస్టర్, లుకప్, కాన్ఫిగరేషన్, ట్రాన్సాక్షన్, ట్రాన్సాక్షన్ లైన్, హిస్టరీ, ఆడిట్, లాగ్, స్టేజింగ్, బ్రిడ్జ్, సమ్మరీ, క్యూ, పర్సనల్, సెన్సిటివ్. రాసేటప్పుడు ప్రతిదీ అవసరమే అనిపించింది. టీమ్‌లో ముగ్గురికి విడివిడిగా ఒకే ఇరవై టేబుళ్లు ఇచ్చి ముద్రలు వేయమంటే, మూడు జాబితాలూ మూడు రకాలుగా వచ్చాయి. గదుల అద్దెల పట్టిక ఒకరికి మాస్టర్, ఒకరికి లుకప్, ఇంకొకరికి కాన్ఫిగరేషన్. వాళ్లు ముగ్గురూ సరిగ్గానే ఆలోచించారు. మా మాటలకే హద్దులు లేవు.

అప్పుడు మా డీబీఏ అడిగిన ప్రశ్న ప్రొఫైల్‌ను మార్చేసింది. "ఇది లుకప్ అని తెలిస్తే నేను చేసే పనేంటండీ? మాస్టర్ అని తెలిస్తే చేసే పనికీ దానికీ తేడా ఏంటి?" అన్నారావిడ. తేడా లేదు. రెండింటికీ డేటాతో సహా సర్వర్ మీదికి పంపడమే పని.

ఆ ప్రశ్నను మిగతా పన్నెండింటికీ వేశాం. ముద్రను చూసి ఎవరో ఒకరు, లేదా ఏదో ఒక స్క్రిప్టు, వేరుగా ప్రవర్తించాలి. అలా కాకపోతే ఆ ముద్ర తీసేయాలి. ఆడిట్, లాగ్, హిస్టరీ మూడూ «హిస్టరీ»లో కలిశాయి. బ్రిడ్జ్ పోయింది, ఎందుకంటే రెండు ఫారిన్ కీలు కలిసి ప్రైమరీ కీ అయినప్పుడు ఆ సంగతి నిర్మాణమే చెబుతుంది. చివరకు మిగిలినవి నాలుగు: «మాస్టర్», «ట్రాన్సాక్షన్», «హిస్టరీ», «స్టేజింగ్».

ప్రతిదానికీ ఒక నియమం ఉంది. మాస్టర్ డేటాతో సహా బయల్దేరుతుంది, అందులో వరుసలు చెరిపే హక్కు అప్లికేషన్ యూజర్‌కు ఉండదు. ట్రాన్సాక్షన్ ఖాళీగా బయల్దేరుతుంది. హిస్టరీ టేబుల్ నుంచి అసలు టేబుల్‌కు ఫారిన్ కీ ఉండకూడదు, అసలు వరుస పోయినా దాని చరిత్ర నిలవాలి కాబట్టి. పోస్ట్‌గ్రెస్‌లో సిస్టమ్ వెర్షనింగ్ (వరుసల పాత రూపాలను డేటాబేసే దాచడం) సొంతంగా లేదు కనుక చరిత్ర నింపడానికి ట్రిగ్గర్లు మేమే రాసుకోవాలి, ఆ ట్రిగ్గర్లను మా స్క్రిప్టు ఈ ముద్ర చూసే తయారుచేస్తుంది. స్టేజింగ్‌కు బయటి టేబుళ్లతో ఏ సంబంధమూ ఉండదు, రాత్రికి రాత్రి ఖాళీ చేయొచ్చు.

రకం కానివన్నీ ట్యాగ్డ్ వాల్యూలుగా (వస్తువుకు తగిలించే పేరు, విలువ జతలుగా) మారాయి. మాస్టర్‌కు "ఎవరిచ్చింది" అనే ట్యాగ్: ఐసీడీ కోడ్‌లైతే ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్యాకేజీలైతే ప్రభుత్వం, అద్దెలైతే ఆసుపత్రి. ట్రాన్సాక్షన్‌కు "ఎంతకాలం దాచాలి". ఇన్‌పేషెంట్ రికార్డులను చికిత్స మొదలైన రోజు నుంచి కనీసం 3 ఏళ్లు ఉంచాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. మెడికో లీగల్ కేసులకు ఆసుపత్రి ఇంకా ఎక్కువ కాలం కోరింది. హిస్టరీకి "ఎవరి చరిత్ర" అనే ట్యాగ్. దీన్ని రెఫ్‌జీయూఐడీ రకంగా పెట్టాం. పేరు టైప్ చేయడం కాకుండా అసలు టేబుల్‌నే ఎంచుకోవాలి, కాబట్టి తర్వాత పేరు మారినా లంకె తెగదు.

బెడ్

మాస్టర్ టేబుల్ నుంచి ట్రాన్సాక్షన్ టేబుల్‌కు ఫారిన్ కీ వెళ్లకూడదన్నది ముద్రలు స్థిరపడ్డాక మాకు తట్టిన నియమం. మాస్టర్ నిండుగా బయల్దేరాలి, ట్రాన్సాక్షన్ ఖాళీగా బయల్దేరాలి. నిండుది ఖాళీదాని మీద ఆధారపడితే లోడ్ చేసే వరుసే కుదరదు. ఈ నియమానికి చిన్న స్క్రిప్టు రాసి నడిపితే మూడు టేబుళ్లు పట్టుబడ్డాయి. వాటిలో ఒకటి మళ్లీ బెడ్.

బెడ్ టేబుల్‌లో వార్డు, బెడ్ నంబర్, ఆక్సిజన్ లైన్ ఉందా లేదా, అద్దె తరగతి ఉన్నాయి. వాటితో పాటు "ప్రస్తుత అడ్మిషన్" అనే కాలమ్ ఒకటి, అది అడ్మిషన్ టేబుల్‌కు ఫారిన్ కీ. పేషెంట్ చేరితే అది నిండుతుంది, డిశ్చార్జ్ అయితే ఖాళీ అవుతుంది. పాత సాఫ్ట్‌వేర్ ఏళ్లుగా అలాగే నడిచింది. మరి దీనికి ఏ ముద్ర వేయాలి?

మా కుర్రాడు «ట్రాన్సాక్షన్» అన్నాడు, రోజుకు నాలుగుసార్లు మారుతుంది కాబట్టి. నేను «మాస్టర్» అన్నాను, మంచాలు గోడకు ఉన్నట్టే ఉంటాయి కాబట్టి. ఇద్దరి మాటా నిజమే. ఒకే టేబుల్‌కు రెండూ నిజమైనప్పుడు, అందులో రెండు టేబుళ్లు కలిసి ఉన్నాయన్నమాట.

వార్డు సిస్టర్‌ను అడిగితే సమస్య ఎంత లోతైనదో తెలిసింది. పేషెంట్‌ను జనరల్ వార్డు నుంచి ఐసీయూకు, అక్కడి నుంచి మళ్లీ వార్డుకు మార్చినప్పుడు పాత మంచంలో ఎంతసేపున్నాడో సిస్టమ్‌లో మిగలదు. బిల్లు వేసేటప్పుడు ఆమె రిజిస్టర్‌లో చేత్తో రాసుకున్న వేళలు చూసి లెక్కలు కడుతున్నారు. "ప్రస్తుత అడ్మిషన్" కాలమ్ మీద కొత్త విలువ పడగానే పాతది చెరిగిపోతుంది మరి.

విడదీశాం. బెడ్ «మాస్టర్»గా మిగిలింది. బెడ్ కేటాయింపు అనే కొత్త టేబుల్ «ట్రాన్సాక్షన్»గా వచ్చింది: ఏ బెడ్, ఏ అడ్మిషన్, ఎప్పటినుంచి ఎప్పటిదాకా. ఫారిన్ కీలు రెండూ దాని నుంచే బయటికి వెళ్తాయి, మాస్టర్ నుంచి ఏదీ వెళ్లదు. ఒకే మంచానికి ఒకే వేళలో ఇద్దరు పడకుండా పోస్ట్‌గ్రెస్ ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ పెట్టాం. బెడ్ నంబర్ సమానమై, కాలవ్యవధులు ఒకదానిమీదొకటి పడితే వరుసను తిరస్కరిస్తుంది. దీనికి బీట్రీ_జిస్ట్ ఎక్స్‌టెన్షన్ కావాలి. ఈ కన్‌స్ట్రెయింట్‌ను విడి స్క్రిప్టుగా ఉంచి, దాని సంగతి టేబుల్ నోట్స్‌లో రాశాం.

నాకు ఈ మొత్తం పనిలో విలువైనదేదని అడిగితే బెడ్‌నే చూపిస్తాను. ఈ లోపం 212 టేబుళ్ల డయాగ్రామ్‌లో మొదటి రోజు నుంచీ ఉంది, మాలో ఎవరికీ కనబడలేదు. ఇది ఏ రకమో ఒక్కమాటలో చెప్పమని మోడల్ మమ్మల్ని నిలదీసినప్పుడే బయటపడింది.

వ్యక్తిగత డేటా

«పర్సనల్», «సెన్సిటివ్» అనే రెండు ముద్రలు తీసేయడానికి యాజమాన్యం తరఫు వాళ్లు మొదట ఒప్పుకోలేదు. వాళ్ల భయం నాకు అర్థమైంది. కానీ వ్యక్తిగత డేటా టేబుల్ రకం కాదు. అడ్మిషన్ టేబుల్‌లో బెడ్ నంబర్ పక్కనే రోగ నిర్ధారణ ఉంటుంది. టేబుల్ మొత్తానికి ముద్ర వేస్తే 212లో నూటికి పైగా ఎర్రగా మారతాయి. అన్నీ ఎర్రగా ఉన్న డయాగ్రామ్ చూసి ఎవరూ ఏమీ చేయరు.

«సెన్సిటివ్» అనే మాటలో మరో ఇబ్బంది ఉంది. అది 2011 నాటి ఐటీ నిబంధనల నుంచి వచ్చింది, వాటిలో వైద్య రికార్డులు సున్నితమైన వ్యక్తిగత డేటా కిందికి వస్తాయి. 2023 చట్టం అలాంటి విడి తరగతిని పెట్టలేదు. చట్టంలోని మాటను స్టీరియోటైప్ పేరుగా పెడితే, చట్టం మారినప్పుడల్లా ప్రొఫైల్ మారాలి, ప్రతి టేబుల్ మీదా ముద్ర మార్చాలి. అందుకని కాలమ్ స్థాయిలో "పేషెంట్ సమాచారం" అనే ట్యాగ్ పెట్టి, విలువలు మా సొంత మాటల్లో ఉంచాం: గుర్తింపు, సంప్రదింపు, ఆరోగ్యం, డబ్బు. 14 అంకెల ఆభా (ఆయుష్మాన్ భారత్ హెల్త్ అకౌంట్) నంబర్ గుర్తింపు కిందికి, ఫోన్ నంబర్ సంప్రదింపు కిందికి వెళ్తాయి. ఏ చట్టం దేనికి వర్తిస్తుందో లాయర్లు ఈ నాలుగు మాటల మీద చెప్పుకోవచ్చు.

టెస్ట్ సర్వర్‌కు డేటా పంపేటప్పుడు పేర్లు, నంబర్లు మరుగుపరిచే స్క్రిప్టు ఇప్పుడు ఈ ట్యాగ్‌నే చదువుతుంది.

చిన్న విషయాలు కొన్ని

"ఎంతకాలం దాచాలి" ట్యాగ్‌ను ప్రొఫైల్‌లో రెండో విడతలో చేర్చాం. ప్రొఫైల్ మార్చినంత మాత్రాన అప్పటికే ముద్ర పడిన టేబుళ్లకు కొత్త ట్యాగ్ రాదు. రిపోర్టులో సగం టేబుళ్లు ఖాళీగా కనబడితే, ఎవరో పని చేయలేదనుకుని మందలించబోయాం. తర్వాత తెలిసింది, స్టీరియోటైప్ సింక్రనైజ్ చేస్తేనే పాతవాటికి కొత్త ట్యాగ్‌లు చేరతాయని. ప్రొఫైల్ కొత్త వెర్షన్ పంచిన ప్రతిసారీ ఇప్పుడు అది మొదటి పని.

రంగుల కోసం షేప్ స్క్రిప్ట్ (టేబుల్ బొమ్మను ఎలా గీయాలో టూల్‌కు చెప్పే కోడ్) రాశాం. మా మొదటి స్క్రిప్టు డబ్బా గీసి పేరు రాసింది, కాలమ్‌లన్నీ మాయమయ్యాయి. అసలు ఆకారాన్ని గీయమని అందులో మేం చెప్పలేదు. దాన్ని దిద్దే బదులు డయాగ్రామ్ లెజెండ్‌తో రంగులు వేశాం. మా అవసరానికి అదే సరిపోయింది, ప్రొఫైల్ కూడా తేలికైంది.

పాత డేటాబేస్ నుంచి ఇంకా అప్పుడప్పుడు కొత్త టేబుళ్లు దిగుమతి చేస్తూనే ఉన్నాం. అవి «టేబుల్» ముద్రతో మాత్రమే వస్తాయి. కాబట్టి «టేబుల్» ఉండి, మా నాలుగింటిలో ఏదీ లేనివాటిని చూపే సెర్చ్ ఒకటి రాసి, ప్రతి సోమవారం నడుపుతున్నాం. మొదటి వారం అందులో 58 పేర్లున్నాయి. ఇప్పుడు ఒక్కటే మిగిలింది. ల్యాబ్ యంత్రాల నుంచి ఫలితాలు వచ్చి పడే టేబుల్ అది. స్టేజింగ్ అందామంటే రాత్రి ఖాళీ చేయడానికి వీల్లేదు, ఎందుకంటే పాథాలజిస్ట్ సంతకం అయ్యేదాకా ఫలితం అక్కడే ఉండాలి. ట్రాన్సాక్షన్ అందామంటే యంత్రం ఒకే ఫలితాన్ని రెండుసార్లు పంపినా తీసుకోవాల్సి ఉంటుంది. ఇదీ బెడ్ లాగే రెండు టేబుళ్లేమోనని మా కుర్రాడు అంటున్నాడు. ఈ వారం ల్యాబ్‌కు వెళ్లి, ఫలితం యంత్రం నుంచి రిపోర్టు దాకా ఎలా నడుస్తోందో చూసి వస్తానన్నాడు. అప్పటిదాకా దానికి ముద్ర వేయొద్దని చెప్పాను.